నాంచారమ్మ మెదడులో తెల్లమచ్చ

2008 ఎండాకాలం. అప్పటికి నేను విజయవాడ సూర్యారావుపేటలోని ఒక ప్రైవేటు ఆసుపత్రిలో రేడియాలజిస్టుగా చేరి నాలుగేళ్లయింది. రేడియాలజిస్టంటే ఫొటోలు తీసే మనిషి అని మా అత్తగారు చుట్టాలకు చెప్పేవారు. తీసేది టెక్నీషియన్, చదివేది నేను అని ఎన్నిసార్లు చెప్పినా, ఫొటోలో చదవడానికి ఏముంటుందని ఆవిడ సందేహం. ఎక్స్‌రేలోనూ సీటీ స్కాన్‌లోనూ కనిపించే నలుపు తెలుపులకు అర్థం చెప్పి, రిపోర్టు మీద సంతకం పెట్టడం నా పని. పగలంతా ఏసీ వేసిన చీకటి గదిలో తెర ముందు కూర్చునేదాన్ని. రోగి మెదడును పొరపొరగా చూసేదాన్ని గానీ, ముఖం చూడాల్సిన అవసరం చాలాసార్లు వచ్చేది కాదు. నిజం చెప్పాలంటే ఆ ఏర్పాటు నాకు బాగానే ఉండేది. మనుషులతో మాట్లాడటం కంటే బొమ్మలతో కూర్చోవడం నాకు సుఖం.

పక్షవాతం వచ్చినవాళ్లు ఆ రోజుల్లో మా దగ్గరకు ఆలస్యంగా వచ్చేవారు. చుట్టుపక్కల ఊళ్ల నుంచి రెండో రోజో మూడో రోజో తీసుకొచ్చేసరికి సీటీలో దెబ్బతిన్న భాగం నల్లగా స్పష్టంగా కనిపించేది. అప్పటికి చేయడానికి పెద్దగా ఏమీ మిగిలేది కాదు. ఆ ఏడాదే మా ఆసుపత్రికి డాక్టర్ మురళి వచ్చారు. మెదడు రక్తనాళాల్లోకి సన్నటి గొట్టాలు పంపి వైద్యం చేయడంలో ఆయన బయటి రాష్ట్రంలో శిక్షణ పొందారు. స్ట్రోక్ వచ్చిన ఆరు గంటల లోపు మనిషిని తెస్తే, తొడ దగ్గర నాళంలోంచి గొట్టం పైకి పంపి, మెదడులో అడ్డుపడిన రక్తపు గడ్డను తీసే ప్రయత్నం చేయవచ్చని మా అందరినీ కూర్చోబెట్టి చెప్పారు. అంత తొందరగా ఎవరొస్తారు సార్ అని మేం నవ్వాం.

నాంచారమ్మ వచ్చింది. చేపల వ్యానులో వచ్చింది.

ఆమెది కైకలూరు. యాభై రెండు, యాభై మూడేళ్లుంటాయి. మార్కెట్లో చేపలమ్మేది. ఆ రోజు పొద్దున్నే తట్టలు సర్దుకుంటూ, బేరమాడుతున్న ఒకావిడకి జవాబు చెప్పబోయి మాట రాక, అలాగే పక్కకు ఒరిగిపోయిందట. పక్కనే విజయవాడకు బయలుదేరుతున్న వ్యాను ఇంజను ఆన్‌లో ఉంది. ఆమె భర్త ఏడుకొండలు, అన్న శ్రీరాములు కలిసి ఐసు ట్రేల మధ్య చోటు చేసి, గోనెసంచులు పరిచి ఆమెను పడుకోబెట్టారు. ఊళ్లో డాక్టరు కోసం చూడకుండా నేరుగా వచ్చేశారు. అంత తెలివైన పని ఎలా చేశారని తర్వాత డాక్టర్ మురళి అడిగితే, శ్రీరాములు, "వ్యాను అక్కడుందండీ, ఎక్కించాం," అన్నాడు.

సీటీ గదికి, టెక్నీషియన్ కూర్చునే గదికి మధ్య పెద్ద అద్దం ఉంటుంది. సాధారణంగా నేను నా గదిలోనే ఉండేదాన్ని. ఆ రోజు డాక్టర్ మురళి ఫోను చేసి రమ్మంటే వెళ్లి అద్దం దగ్గర నిలబడ్డాను. గదంతా చేపల వాసన. నాంచారమ్మ బల్ల మీద ఉంది. కళ్లు రెండూ ఎడమ వైపుకే తిరిగి ఉన్నాయి. కుడి చెయ్యి జారి కిందికి వేలాడుతుంటే, ఎడమ చేత్తో దాన్ని పట్టుకుని మళ్లీ మళ్లీ పొట్ట మీదికి లాక్కుంటోంది. ఎవరో మర్చిపోయి వెళ్లిన వస్తువును భద్రంగా పెడుతున్నట్టు ఉంది ఆ లాక్కోవడం. నోరు కదులుతోంది, శబ్దం లేదు.

స్కాన్ మొదలైంది. తెర మీద ఎడమ వైపు పెద్ద నాళం ఉండే చోట తెల్లటి గీత కనిపించింది. మామూలుగా ఆ నాళం అంత తెల్లగా ఉండదు. లోపల రక్తం గడ్డకట్టి ఇరుక్కుంటేనే అలా మెరుస్తుంది. మెదడు మాత్రం ఇంకా నల్లబడలేదు. అంటే నాళం మూసుకుపోయింది, అది నీళ్లుపెట్టే మడి ఇంకా ఎండిపోలేదు.

"గడ్డ ఉంది. మెదడు ఇంకా బాగుంది," అన్నాను.

డాక్టర్ మురళి వెంటనే చేతి నరం గుండా గడ్డ కరిగే మందు మొదలుపెట్టించి, మత్తిచ్చి ఊపిరి మెషీను పెట్టి, ఆమెను క్యాథ్ ల్యాబ్‌కు తరలించారు. రక్తనాళాల్లోకి కాంట్రాస్ట్ అనే రంగు మందు ఎక్కించి, వాటిని తెర మీద చూస్తూ పనిచేసే గది అది. ఆ మందు ఎక్కడిదాకా వెళితే అక్కడిదాకా నాళం కనిపిస్తుంది. నాంచారమ్మ ఎడమ వైపు బొమ్మలో పెద్ద కొమ్మ ఒకటి మొదట్లోనే ఆగిపోయింది. గడ్డల్ని తీయడానికే తయారైన పరికరాలు అప్పటికి మా దాకా రాలేదు. డాక్టర్ మురళి వెంట్రుకలాంటి తీగతో గడ్డను కదిపి, దానిలోకే మందు వదిలి, సిరంజితో వెనక్కి లాగుతూ, ఓపిగ్గా కూర్చున్నారు. చాలాసేపటి తర్వాత సిరంజిలోకి ముదురెరుపు ముక్కలు వచ్చాయి. మళ్లీ కాంట్రాస్ట్ ఎక్కిస్తే ఆగిపోయిన కొమ్మ చివళ్ల దాకా నిండింది. ఆ గది అద్దం ఇవతల నా పక్కన నిలబడిన నర్సులు కూడా ఒకరి భుజం ఒకరు తట్టుకున్నారు.

ఆ సంతోషం గంటసేపైనా లేదు.

ఇలాంటి వైద్యం తర్వాత మళ్లీ సీటీ తీస్తారు. తీశాం. ఎడమ వైపు మెదడు లోతుల్లో, చింతపిక్క కంటే కొంచెం పెద్దదిగా, తెల్లటి మచ్చ.

తలకు సంబంధించిన సీటీలో కొత్తగా కారిన రక్తం తెల్లగా కనిపిస్తుంది. అందుకని ఆ మచ్చను చూడగానే ఎవరైనా మెదడులో రక్తస్రావం అనేస్తారు. కానీ ఇంకో సంగతి కూడా ఉంది. గడ్డ అడ్డుపడి కాసేపు రక్తం అందని చోట, సన్నటి నాళాల గోడలు బలహీనపడతాయి. క్యాథ్ ల్యాబ్‌లో మేం ఎక్కించిన కాంట్రాస్ట్ ఆ గోడల్లోంచి ఊరి మెదడులోకి ఇంకుతుంది. అదీ తెల్లగానే కనిపిస్తుంది. రక్తమైతే ప్రాణం మీదికి రావచ్చు. కాంట్రాస్ట్ అయితే ఒక రోజులో దానంతట అది పోతుంది. సీటీ యంత్రం బొమ్మలోని ప్రతి చుక్కకూ, దాని తెలుపును బట్టి, ఒక అంకె ఇస్తుంది. కాంట్రాస్ట్‌కు సాధారణంగా ఎక్కువ, రక్తానికి తక్కువ. నాంచారమ్మ మచ్చకు వచ్చిన అంకె రెంటికీ నడుమ ఉంది. ఎమ్మారై తీస్తే కొంత తేలేది. అది మా దగ్గర లేదు. ఊపిరి మెషీను మీద ఉన్న మనిషిని అది ఉన్న చోటికి మోసుకెళ్లడం మంచిది కాదు.

డాక్టర్ మురళి నా కుర్చీ వెనక నిలబడి, "ఏమంటారు మేడమ్?" అన్నారు.

"రక్తం అనలేను. కాదనీ అనలేను."

"నాకైతే కాంట్రాస్టే అనిపిస్తోంది."

"అలా అనిపించాలని మీకుంది. నాకూ ఉంది. అందుకే అనలేకపోతున్నాను."

ఆమెను మత్తులోనే ఉంచి, బీపీ పెరగకుండా చూసుకుని, మర్నాడు మళ్లీ సీటీ తీయడమే దారి అనుకున్నాం. రక్తం పల్చబడే మందులు మొదలుపెట్టాలా వద్దా అన్నదీ ఆ స్కాన్ చూశాకే తేలుతుంది. ఆమెకు గుండె లయ తప్పి కొట్టుకుంటోంది. మొదటి గడ్డ అక్కడి నుంచే వచ్చింది. మందులు లేకపోతే ఇంకొకటి రావచ్చు, ఆ మచ్చ రక్తమై ఉంటే మందులే ప్రమాదం. రిపోర్టులో నేను రెండు అవకాశాలూ రాసి, ఒక రోజు ఆగి చూడాలని రాశాను. జీవితంలో అంత పిరికి రిపోర్టు రాయలేదనిపించింది.

ఈ లోపల ఐసీయూ దగ్గర డ్యూటీలో ఉన్న కుర్ర డాక్టరు, అడుగుతున్నారు కదా అని, "మెదడులో రక్తం ఉన్నట్టుంది, చూడాలి," అని బంధువులతో అన్నాడు. అతను ‘ఉన్నట్టుంది’ అన్నాడు. వాళ్లకు ‘ఉంది’ అని వినిపించింది. సాయంత్రానికి కైకలూరు నుంచి ఒక ఆటో నిండా మనుషులు దిగారు. ఇంటికి తీసుకుపోదామన్న మాట బయలుదేరింది. తీసుకుపోవడమంటే ఊపిరి మెషీను తీసేయడమే.

నేను సంచి సర్దుకుంటుంటే నా గది తలుపు సగం తెరుచుకుంది. సన్నగా, పొట్టిగా, లుంగీ మీద తువ్వాలు కప్పుకున్న మనిషి చెప్పులు బయట విడిచి నిలబడ్డాడు.

"లోపలికి రావచ్చా అమ్మా? నాంచారమ్మ ఇంటాయన్నండీ. ఏడుకొండలంటారు."

రమ్మన్నాను. కుర్చీ చూపిస్తే కూర్చోలేదు.

"తలకాయలో తెల్లమచ్చ ఉందంట గదా. అది చూసింది మీరేనంట. నాకూ చూపిస్తారా?"

అప్పటివరకు ఏ రోగి బంధువుకూ నా తెర మీద బొమ్మ చూపించలేదు. అది వైద్యం చేసే డాక్టరు పని. కానీ ఆ మనిషి అడిగిన తీరు కాదనేట్టు లేదు. తీసి చూపించాను. ఆయన కాసేపు చూసి, తెర తగలకుండా దూరం నుంచే వేలు చూపించి, "ఇదేనా?" అన్నాడు. అవునన్నాను.

"ఇది రక్తమేనా అమ్మా?"

"కావచ్చు. లేకపోతే గడ్డ తీసేటప్పుడు మేం ఎక్కించిన రంగు మందు అక్కడ ఇంకి ఉండవచ్చు. రెండూ ఇలాగే తెల్లగా కనిపిస్తాయి."

"రెండిట్లో ఏదండీ?"

"తెలీదండీ."

ఆయన నా వైపు తిరిగాడు. "మీక్కూడా తెలీదా?"

"ఇవాళ తెలీదు. మందైతే రేపటికి చాలామటుకు పోతుంది. రక్తమైతే ఉంటుంది. రేపు మళ్లీ తీస్తే చెప్పగలను."

"అందాకా దానికేం కాదా?"

"అదీ గట్టిగా చెప్పలేనండీ. రక్తమే అయితే పెరగవచ్చు కూడా. పెరగకుండా చూస్తున్నారు."

తువ్వాలు కొసతో ముఖం తుడుచుకున్నాడు. తర్వాత డాక్టర్లందరూ తప్పించుకునే ప్రశ్న అడిగాడు. "మీ మనిషైతే మీరేం చేస్తారు?"

"మా అమ్మే అయితే రేపటిదాకా ఆగుతాను," అన్నాను.

"రేపు మీరే చూస్తారా?"

మర్నాడు నాకు సెలవు. ఇబ్రహీంపట్నంలో మా ఆడపడుచు గృహప్రవేశం. నెల ముందు నుంచి చెప్పి పెట్టుకున్న సెలవు అది.

"చూస్తాను," అన్నాను.

ఆయన దండం పెట్టి బయటికి వెళ్లాడు. నేను తాళం వేసుకుని వస్తుంటే వరండాలో బావాబావమరుదులిద్దరూ కనిపించారు. శ్రీరాములు ఎత్తుగా, భారీగా ఉంటాడు. ఆ గొంతు తగ్గించి మాట్లాడినా మెట్ల దాకా వినిపిస్తుంది.

"ఏమంది డాక్టరమ్మ?"

"తెలీదంది బావా."

"తెలీకపోవడమేంది? డాక్టరు గదా."

"పొద్దున్నించి అందరూ ఏదో ఒకటి చెబుతానే ఉన్నారు. ఈయమ్మ ఒక్కతే తెలీదంది. రేపు చూసి చెబుతానంది. రేపటిదాకా ఉందాం."

శ్రీరాములు గోడకు ఆనుకున్నాడు. అతని మీద నాకు అప్పటిదాకా కోపంగా ఉంది, చెల్లెల్ని తీసుకుపోదామని తొందర పెడుతున్నది అతనే గనక. అప్పుడు చెప్పిన మాటతో ఆ కోపం పోయింది.

"అమ్మ అట్టాగే పోయింది గదా ఏడుకొండలూ. గుంటూరు ఆసుపత్రిలో అద్దాల గదిలో పెట్టారు. మమ్మల్ని బయట నిలబెట్టారు. పోయేటప్పుడు ఎవరం పక్కన లేం. నాంచారి కూడా అట్టా ఒక్కతే పోతే నేను తట్టుకోలేను."

"ఒక్కతి ఎట్టా అవుద్ది బావా? మనిద్దరం ఇక్కడే ఉన్నాం గదా."

శ్రీరాములు కిందికి వెళ్లి, వచ్చిన ఆటోవాళ్లను వెనక్కి పంపించేశాడు. నేను కుర్ర డాక్టరు దగ్గరికి వెళ్లి, వాళ్లిద్దరినీ వంతులవారీగా కాసేపు ఆమె మంచం దగ్గర కూర్చోనివ్వమని అడిగాను. రూలు ఒప్పుకోదన్నాడు. హెడ్ నర్సు విని, రూలు సంగతి తను చూసుకుంటానంది.

మర్నాడు గృహప్రవేశానికి ముహూర్తం తెల్లవారుజామునే కావడం నా అదృష్టం. పాలు పొంగగానే నేను కారెక్కుతానంటే మావారు, "భోజనాలకైనా ఉండవా? అక్క ఏమనుకుంటుంది?" అన్నారు. ఎవరికో మాటిచ్చానన్నాను. ఎవరికని అడిగితే ‘కైకలూరులో చేపలమ్మే ఆవిడ భర్తకి’ అని చెప్పాను. ఆయన వెంటనే కారు తాళాలు తీసుకున్నారు. పట్టుచీర, తలలో పూలు, కాళ్లకు పసుపుతో నేను ఆసుపత్రిలోకి నడుస్తుంటే వాచ్‌మన్ సెల్యూట్ చేయడం మర్చిపోయాడు.

నాంచారమ్మను ఊపిరి గొట్టంతోనే కిందికి తెచ్చి స్కాన్ తీశారు. లోతు పొరల బొమ్మల కోసం తెర ముందు కూర్చున్నాను. డాక్టర్ మురళి ఈసారీ నా కుర్చీ వెనకే నిలబడ్డారు.

తెల్లమచ్చ లేదు. పూర్తిగా లేదనలేను, పలచటి తెర ఒకటి మిగిలింది. రక్తం ఒక్క రోజులో అలా చెదిరిపోదు. అది కాంట్రాస్టే. ఆ చోట మాత్రం ఇప్పుడు బూడిద రంగు మచ్చ ఒకటి పైకి తేలింది. రక్తం అందక చచ్చిపోయిన మేర అది. గడ్డ అడ్డుపడ్డప్పుడు ప్రమాదంలో ఉన్న ఎడమ సగంతో పోలిస్తే అది చిన్నది. కానీ మాటకు సంబంధించిన దారుల పక్కనే ఉంది.

బయట ఏడుకొండలు నిలబడి ఉన్నాడు. నా పట్టుచీర చూసి ముందు గుర్తుపట్టలేదు.

"రక్తం కాదండీ. మందే," అన్నాను.

ఆయన గచ్చు మీద కూర్చున్నాడు. నేనూ పక్కనున్న బెంచీ మీద కూర్చున్నాను. తలెత్తి, "మాట్టాడుద్దా అమ్మా?" అన్నాడు.

"కొంచెం దెబ్బతింది. మాట దగ్గరే తగిలింది. ఎంత వస్తుందో ఇప్పుడు చెప్పలేను."

ఆయన ముఖంలో మొదటిసారి నవ్వు కనిపించింది. "మీక్కూడా చాలా సంగతులు తెలీవన్నమాట డాక్టరుగారండీ," అన్నాడు. నేనూ నవ్వాను. ఆ నవ్వులో కన్నీళ్లు ఎప్పుడు కలిశాయో ఇద్దరం చూసుకోలేదు.

అక్కడితో నా పని అయిపోయినట్టే. కానీ ఆ తర్వాతి రోజు భోజన సమయంలో నా కాళ్లు వార్డు వైపు వెళ్లాయి. ఊపిరి గొట్టం తీసేశారు. నాంచారమ్మ దిండుకు ఆనుకుని ఉంది. కుడి కాలు కదుపుతోంది, కుడి చెయ్యి ఇంకా లేవడం లేదు. నోటి వెంట వస్తున్నది ఒకే ఒక్క మాట. "ఐసు."

నీళ్లు కావాలన్నా ఐసు. దిండు సర్దమన్నా ఐసు. మెదడులో మాట దెబ్బతిన్నవాళ్లకు ఇలా ఒక్క మాటే మిగిలి, అన్నిటికీ అదే రావడం ఉంటుంది. చదువుకున్నాను గానీ అంతకుముందు వినలేదు. ఆశ్చర్యమేమిటంటే ఆమె గొంతులో ఆరోహణ అవరోహణ ఏమీ చెడలేదు. మార్కెట్లో బేరం తేల్చే గొంతు అది. నర్సు సూది తెస్తే "ఐసు ఐసు ఐసు" అని తగువాడేది. అన్నగారు కళ్లు తుడుచుకుంటే "ఐ...సు" అని ఊరడించేది. ఏడుకొండలుకి అన్నీ అర్థమయ్యేవి. "కాళ్లు లాగుతున్నాయంట," "ఆ కిటికీ మూయమంటంది," అని మాకు తర్జుమా చేసేవాడు. ముప్పై ఏళ్ల కాపురంలో ఆయన మార్కెట్లో నోరు తెరిచింది తక్కువట. "అది మాట్టాడేది, నేను చేపలు తోమేవాణ్ణి. ఇంకేం పని నాకు?" అన్నాడు.

మాట నేర్పడానికి స్పీచ్ థెరపిస్టు వచ్చేది. సుజాత అని చిన్నమ్మాయి, చాలా ఓర్పు. అంకెలు, వారాల పేర్లలాంటివి వరసగా నోటికి అలవాటైనవి గనక, విడిగా మాట రానివాళ్లకు కూడా అవి కొన్నిసార్లు వస్తాయని చెప్పి నాంచారమ్మ చేత లెక్కపెట్టించేది. సుజాత ‘ఒకటి’ అని అందిస్తే చాలు, నాంచారమ్మ పెదాలు తడుముకుంటూ వెంట వెళ్లేది. ఒక మధ్యాహ్నం నేనూ అక్కడున్నాను. రెండు, మూడు, నాలుగు దాకా సుజాతతో కలిసి వచ్చింది. అయిదు, ఆరు తనే అంది. ‘ఏడు’ అని ఆగింది. నుదురు చిట్లించింది. సుజాత ‘ఎనిమిది’ అని అందించబోతుంటే చెయ్యెత్తి ఆపింది.

"ఏడు... ఏడు... ఏడుకొండలు."

వార్డులో ఉన్న ఆయమ్మ చేతులు జోడించి, "స్వామిని తల్చుకుంటంది తల్లి," అంది. పక్క మంచం ఆవిడ కూడా ‘గోవిందా’ అంది. ఏడుకొండలు మాత్రం కిటికీ దగ్గర బిగుసుకుపోయి నిలబడ్డాడు. చెవులు ఎర్రబడ్డాయి.

"స్వామిని కాదమ్మా," అన్నాడు మెల్లిగా. "నన్నే. ఎప్పుడూ పేరు పెట్టి పిలవలేదు. ఏవయ్యా అనేది. ముప్పై ఏళ్లలో ఇదే."

నాంచారమ్మ మళ్లీ అంది, ఈసారి తడబాటు లేకుండా. మొగుడి పేరు నోటెంట అనకూడదన్న పట్టింపు ఆమెకు గుర్తులేదో, గుర్తుండీ ఆ పూటకు పక్కన పెట్టిందో నాకు తెలీదు. ఆ రోజంతా వార్డులో ఆ పేరు మోగింది. శ్రీరాములు బావని ఆటపట్టిస్తూనే ఉన్నాడు.

మూడు నెలల తర్వాత పరీక్షకు వచ్చారు. స్ట్రోక్ వైద్యం ఎలా పనిచేసిందో కొలవడానికి సున్నా నుంచి ఆరు దాకా ఒక కొలబద్ద ఉంది. ఏ లోటూ లేకపోతే సున్నా, ప్రాణం పోతే ఆరు. నాంచారమ్మకు రెండు వేశారు. తన పనులు తాను చేసుకోగలదు, మునుపు చేసినవన్నీ చేయలేదు అని దాని అర్థం. గడ్డ తీసిన రోగికి అది మంచి ఫలితం. సీటీలో బూడిద మచ్చ ఇప్పుడు నల్లటి చిన్న గుంటగా మారింది. ఆ బొమ్మ ఒక్కటే ఎవరైనా నాకు చూపించి, ఈ మనిషి ఎలా ఉంటుందని అడిగితే, కుడి చెయ్యి మొద్దు, మాట కష్టం అని ఊరుకునేదాన్ని. నేను అది చూస్తున్న సమయంలోనే, కింద గేటు దగ్గర ఆటో వాడు ఎక్కువ అడిగాడని నాంచారమ్మ పోట్లాడుతోందని వాచ్‌మన్ వచ్చి చెప్పాడు. వచ్చిన మాటలు పాతికో ముప్పయ్యో ఉంటాయి. పోట్లాటకు అవి చాలినట్టున్నాయి.

ఈ కేసు నాకేం నేర్పిందని చిన్న డాక్టర్లు అడుగుతుంటారు. సీటీలో తెలుపు కనిపించగానే రక్తమని తీర్పు చెప్పకండి, ఒక రోజు ఆగండి అని ముందు చెబుతాను. అది పుస్తకాల్లోనూ దొరుకుతుంది. తెలియనిది తెలియదని బంధువులతో చెప్పడానికి భయపడకండి, కానీ ఎప్పుడు తెలుస్తుందో కూడా చెప్పి, ఆ వేళకు మీరు అక్కడ ఉండండి అని రెండోది చెబుతాను. అప్పటి నుంచి గడ్డ తీసిన ప్రతి రోగినీ ఒకసారి వార్డుకు వెళ్లి చూసి వస్తున్నాను. మూడో సంగతి మాత్రం నాకు కైకలూరులో తెలిసింది.

మరుసటి ఏడాది మావారూ నేనూ భీమవరం నుంచి వస్తూ పొద్దున్నే కైకలూరు మార్కెట్ దగ్గర ఆగాం. వెతకాల్సిన పని లేకుండా ఏడుకొండలు గొంతు వినిపించింది. మాట్లాడటం తన పని కాదన్న మనిషి, తట్టల ముందు నిలబడి ధరలు అరుస్తున్నాడు. వెనక ఎత్తు పీట మీద నాంచారమ్మ కూర్చుని, ఎడమ చేత్తో తూకం చూస్తోంది. ఆమెకు నేను తెలియను. తెలివిలేనప్పుడు తల లోపల చూసినదాన్ని, వార్డులో వచ్చిపోయే తెల్లకోట్లలో ఒకదాన్ని. ఏడుకొండలు ఆమె చెవిలో ఏదో చెప్పాడు. ఆమె నన్ను పరకాయించి చూసి, నా చెయ్యి పట్టుకుని పక్కన కూర్చోబెట్టుకుంది.

తర్వాత తొట్టిలో ఈదుతున్న కొర్రమీను ఒకటి చూపించి, "బొచ్చె," అంది. "మంచి బొచ్చె. చెయ్యి, ఏడుకొండలు."

కొర్రమీను నల్లగా పాములా ఉంటుంది. బొచ్చె పెద్ద తలతో, పొలుసులతో ఉండే వేరే చేప. నలభై ఏళ్లు చేపలమ్మిన మనిషి నోట ఆ రెండు పేర్లూ తారుమారైపోయాయి. నేను ఏడుకొండలు వంక చూశాను. ఆయన, "బొచ్చెనే, ఇప్పుడే చేస్తా," అని కత్తిపీట ముందు కూర్చున్నాడు. అంతలో ఒక ముసలాయన సంచితో వచ్చి, "అమ్మాయీ, బొచ్చె ఒకటివ్వు, నల్లది," అన్నాడు. నాంచారమ్మ చటుక్కున తొట్టిలోంచి కొర్రమీను తీయించింది. ఎవరూ నవ్వలేదు, ఎవరూ దిద్దలేదు. ఆ కొట్టుకు వచ్చేవాళ్లందరూ ఏడాదిగా అలాగే అడుగుతున్నారట. అసలు బొచ్చె కావాల్సినవాళ్లు వేలు పెట్టి చూపిస్తారట.

కొలబద్ద మీద మేం వేసిన ‘రెండు’ అనే అంకెలో, ఆమె మెదడు ఎంత కోలుకున్నదో ఉంది. ఆమె చుట్టూ ఉన్న మనుషులు ఎంత సర్దుకున్నారో దానిలో లేదు. ఆ సర్దుబాటు కూడా ఫలితమే. దాన్ని చూపించే స్కాన్ నా దగ్గర లేదు.

డబ్బివ్వబోతే నాంచారమ్మ నా చేతి మీద గట్టిగా ఒకటి వేసింది. ఆ రోజు ఇంటికొచ్చి పులుసు పెట్టాను. మా అత్తగారు రెండో ముద్ద కలుపుకుంటూ, "చేప చాలా బాగుంది, కొర్రమీనేనా?" అని అడిగారు.

"బొచ్చె," అన్నాను.